పేకకు పెట్టిన గంజి

ఒకప్పుడు, అంటే బట్ట నేయడం మనుషులకు కొత్తగా అబ్బిన కాలంలో, ఎనిమిది కాళ్ళ పురుగు ఒకటి ఉండేది. దానికి పేరు లేదు, పని లేదు, రెక్కలు కూడా లేవు. కడుపులోంచి సన్నటి దారం మాత్రం వచ్చేది. ఆ దారం పట్టుకుని చూరునుంచి కిందికి వేలాడడం, మళ్ళీ పైకి ఎక్కడం, దానికి తెలిసిన విద్య అంతే. అందుకని ఎప్పుడూ ఆకలే.

అది ఉండేది నాంచారమ్మ మగ్గం శాలలో. శాల అంటే పెద్ద భవనమనుకునేరు. గుంజలమీద తాటాకు కప్పు, దాని కింద మగ్గం. శాలలో కూర్చుని నేస్తారు కాబట్టి ఆ పనివాళ్ళను సాలెలు అన్నారట. చదువుకున్నవాళ్ళు ఈ మాటకు ఇంకో పుట్టుక చెప్పొచ్చు. వాళ్ళతో మనకు పేచీ లేదు, ఈ కథలో మాత్రం ఇంతే.

ఒకరోజు నాంచారమ్మ నేస్తుండగా పురుగు తిన్నగా మగ్గంమీదికి దిగింది. దాని కాళ్ళకు చుట్టుకుని ఒక పోగు పుటుక్కున తెగింది. నాంచారమ్మ చీపురు అందుకుంది.

"నడువు బయటికి! పొద్దున్నుంచి చేసిన పనంతా పాడుచేశావు."

"అవ్వా, బయట మబ్బు పట్టింది. వానలో పడితే కొట్టుకుపోతాను."

"అది నన్నడిగితే? ఇది శాల. ఇందులో చోటు నేసేవాళ్ళకే."

"నాకూ దారం ఉందిగా! నేనూ నేస్తాను."

నాంచారమ్మకు నవ్వొచ్చింది. చీపురు కాస్త దించింది.

"సరే, వాన పడేలోగా నేసి చూపించు. నేశావా, నిన్నూ సాలె అనే పిలుస్తాను. లేదా, ఈ చీపురే."

పని ఎలా చేయాలో కూడా చెప్పింది. "ముందు నిలువు పోగులు బిగించు. అది పడుగు. పడుగుకు గంజి పట్టించి ఆరబెట్టాలి. లేకపోతే తెగుతుంది. ఆ తర్వాత అడ్డపోగు ఆడించు. అది పేక. పేకకు గంజి పెట్టకూడదు. విన్నావా?"

"విన్నాను" అంది పురుగు. విన్నది సగమే. కళ్ళన్నీ మబ్బుమీదే ఉన్నాయి.

గంజి అంటే అన్నం వార్చినప్పుడు వచ్చే పల్చటి నీళ్ళు కాదు. చిక్కగా, జిగురుగా ఉడకబెట్టింది. శాలలో ఆ కుండ ఉన్నన్నాళ్ళూ ఈగలకు పండగే. మూత పెడితే మూతమీద, పడుగు ఆరేస్తే పడుగుమీద వాలేవి. నాంచారమ్మ ఒక చేత్తో నేస్తూ ఇంకో చేత్తో ఈగల్ని తోలుకునేది. పురుగుకు మాత్రం ఆ కుండతో పనిలేదు. దాని జిగురు దాని ఒంట్లోనే ఉంది.

మగ్గం లేదు కదా, పురుగు చూరుకూ గుంజకూ మధ్య పోగులు బిగించింది. నడుమనుంచి అన్ని వైపులకూ, బండిచక్రం ఆకుల్లాగా.

ఒక ఈగ వచ్చి చుట్టూ తిరిగింది. "ఏమోయ్, ఎవరి పెళ్ళికి చీర?"

"పక్కకు పో. పనిలో ఉన్నాను."

"ఇన్ని కాళ్ళున్నాయి, ఒక్కటీ సరిగ్గా పడదేం?"

పురుగుకు ఒళ్ళు మండింది. అంతలో ఉరిమింది. గాభరాపడి తిన్నగా పేకలోకి దిగింది. ఒక చుట్టు తిరిగాక ఆగిపోయింది. గంజి! పెట్టమన్నది ఒకదానికి, వద్దన్నది ఇంకోదానికి. ఏది దేనికో గుర్తు రాలేదు. అడగబోతే నాంచారమ్మ చేతిలో చీపురు కనిపించింది. ఇక కాళ్ళలో ఉన్న అడ్డపోగుకే జిగురు పూసుకుంటూ, గుండ్రంగా చుట్టుకుంటూ పోయింది.

తొలి చినుకు పడేసరికి పని పూర్తయింది. నాంచారమ్మ వచ్చి వేలు పెట్టింది. వేలు అంటుకుపోయింది.

"ఒరే, పేకకు పెట్టావురా గంజి! దీన్ని కట్టుకున్నవాడు మళ్ళీ విప్పుకోగలడా?"

చీపురు పైకి లేచింది. పురుగు నడుమకు పోయి, పొడిగా ఉన్న పడుగుమీద కాళ్ళు ఆనించి, ముడుచుకుని కూర్చుంది.

"ఎవరూ కట్టుకోకపోతే నాకివ్వు, నేను కట్టుకుంటాను!" అని ఈగ పకపకా నవ్వుతూ వచ్చి పేకమీద వాలింది.

ఆ వాలడం వాలడమే. ఒక కాలు లాగితే ఇంకో కాలు అంటుకుంది. రెక్కలు అంటుకున్నాయి. పురుగు కాళ్ళకింద పోగులన్నీ అదిరాయి. అది పొడి పోగులమీద చకచకా నడిచి వచ్చి, ఈగను దారంతో చుట్టేసి, పుట్టాక మొదటిసారి కడుపునిండా తిన్నది.

వెనకనే వచ్చిన మిగతా ఈగలూ ఒక్కొక్కటే చిక్కాయి. నాంచారమ్మ గంజి కుండవైపు చూసింది. మూతమీద ఒక్క ఈగ లేదు. చీపురు మూలన పెట్టింది.

"నీ బట్ట కట్టుకోవడానికి పనికిరాదు. కానీ నేశావు, అది అబద్ధం కాదు. మగ్గంమీదికి మాత్రం రాకు. ఆ చూరుకింద ఉండు, సాలెపురుగా."

పేరు వినగానే పురుగు ఎనిమిది కాళ్ళూ చాపుకుని పడుకుంది. బయట వాన దంచుతోంది.

అప్పటినుంచే సాలెపురుగు పడుగు పొడిగా, పేక జిగురుగా ఉంటోంది. అది తన గూటిలో తాను చిక్కకుండా ఆ పొడి పోగులు పట్టుకునే తిరుగుతుంది. మనం ఇల్లు దులిపి ఎన్నిసార్లు తీసేసినా, చీపురు అటు పెట్టగానే ఇటు మళ్ళీ మొదలుపెడుతుంది. శాలలో చోటు నేసేవాళ్ళకే అన్న మాట మాత్రం అది పూర్తిగా విన్నది.