వరహాలమ్మ కొరికిన పచ్చ కొమ్మ

గోదావరి కాలువ పక్కన జంతువులన్నీ కలిసి నడుపుకునే మొక్కల తోట ఒకటుండేది. దానికి పెత్తందారు ముసలి ఎద్దు పెద్దిరాజు. ఆ తోటలో ఒకటే కట్టుబాటు: ఆకు కొరికినవాళ్ళు ఆ పూటే గేటు దాటి పోవాలి. ఆరేళ్ళుగా ఆ కట్టుబాటుకి మచ్చ రానివ్వకుండా బతుకుతోంది మేక వరహాలమ్మ. మేకగా పుట్టి, పచ్చటి ఆకుల మధ్య తిరుగుతూ, ఎండుగడ్డి తిని బతకడమంటే మాటలు కాదు. పెద్దిరాజు తరవాత పెత్తనం తనదేనని ఆవిడ నమ్మకం. తోటలో అందరూ అదే అనుకున్నారు, పోయిన వానాకాలం తాబేలు తాతబ్బాయి కాలువలోంచి పైకొచ్చేదాకా.

తాతబ్బాయి నెమ్మదస్తుడు. అతను ముట్టుకున్న ప్రతి మొక్కా బతికేది. "తాతబ్బాయి చేతి చలవ" అని తోటలో ఎవరో అన్నారు. ఆ రోజు వరహాలమ్మ ఎండుగడ్డి ముట్టలేదు.

మాఘమాసంలో పెద్దిరాజు రెండు కుండీలు తెప్పించాడు. రెండింట్లోనూ బంగారు పొద మొక్కలు. ఆ పొద ఏడాది పొడుగునా ఆకు రాల్చదు, మోకాలెత్తు దాటదు, బుట్ట బోర్లించినట్టు గుండ్రంగా పెరుగుతుంది. సరిగ్గా చూసుకుంటే ఆకంతా పసుపు రాసినట్టుంటుంది.

"నా మోకాళ్ళు వంగడం లేదు," అన్నాడు పెద్దిరాజు. "దసరా నాటికి ఎవరి పొద నిండుగా బంగారంలా ఉంటే వాళ్ళకి తోట అప్పగిస్తాను."

"ఆరేళ్ళు చాకిరీ చేసిన దానికి మళ్ళీ పరీక్షేంటండీ?" అంది వరహాలమ్మ.

"ఆరేళ్ళు చేశావు కాబట్టి నీకు తేలికే కదమ్మా."

వెదురు దడికి ఇటు వరహాలమ్మ కుండీ, అటు తాతబ్బాయి కుండీ. తెల్లారి లేస్తే వరహాలమ్మ కన్ను దడి సందులోనే ఉండేది. తాతబ్బాయి కుండీని రోజంతా ఎండ తగిలే చోట పెట్టాడు. పొద్దున్నే కుండీ అడుగు చిల్లులోంచి మట్టిలో వేలు గుచ్చి చూసి, తడి ఉంటే ఊరుకునేవాడు.

"ఇవాళ నీళ్ళు పొయ్యలేదేం తమ్ముడూ?"

"తడుందక్కా."

వరహాలమ్మ నమ్మలేదు. తను చూడనప్పుడు దొంగతనంగా పోస్తున్నాడనుకుని తన మొక్కకి రెండు పూటలా పోసింది. అతను నెలకోసారి పలచగా పేడనీళ్ళు పోస్తే తను వారానికోసారి చిక్కగా పోసింది. మొక్క సన్నగా, పొడుగ్గా సాగింది. తాతబ్బాయిది ఎక్కడిదక్కడే ముద్దగా ఉంది. వరహాలమ్మ ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆషాఢంలో రెండు మొక్కలకీ మొదట్లోంచి ఒక్కో కొమ్మ లేచింది. ఆకుపచ్చగా, బలంగా ఉన్నాయి. అప్పుడొచ్చాడు నక్క గవరయ్య, మొక్కలు బండిలో వేసుకుని ఊళ్ళు తిప్పేవాడు.

"వరహాలక్కా, ఆ పచ్చ కొమ్మ మొదలంటా తీసెయ్యి. ఈ జాతిలో అప్పుడప్పుడూ అలా లేస్తుంది. ఉంచావంటే బంగారాన్నంతా మింగేస్తుంది."

"ఎవరు చెప్పమన్నారు?"

"తాతబ్బాయే. నీకు తెలుసో లేదోనని."

"అనుకున్నాలే. నా మొక్క ఎత్తెదుగుతుంటే కుళ్ళు పుట్టిందన్నమాట. అంత చెడ్డదైతే తన కొమ్మ తను తీసుకోడేం?"

గవరయ్య చెవి గోక్కున్నాడు. దడి అవతలికి చూశాడు, ఆవిడ మొహంలోకి చూశాడు. గొంతు తగ్గించాడు.

"నీ దగ్గర దాచడమెందుకక్కా. ఆ కొమ్మ మీదే ప్రాణాలు పెట్టుకున్నాడు. దసరాకి పెద్దిరాజుగారి కొమ్ములంత ఎత్తు చేస్తాడట."

"చూశావా మరి," అంది వరహాలమ్మ.

ఆ రోజు నుంచి ఆవిడకి మనశ్శాంతి లేదు. తన కొమ్మకి పుల్ల పాతి కట్టి, పేడనీళ్ళు ఇంకా పోసింది. అయినా అవతలి కొమ్మే వేలెడు ఎత్తున్నట్టు కనిపించేది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం తాతబ్బాయి కాలువలో మునగడానికి వెళ్ళాడు. అతని కుండీ ఎవరో తిప్పినట్టున్నారు, పచ్చ కొమ్మ దడి మీదికి వాలింది. కొలుద్దామనే వరహాలమ్మ దగ్గరికెళ్ళింది. ఆరేళ్ళ ఉపవాసం పళ్ళల్లో జివ్వుమంది. మొదలంటా కొరికి, నమిలి, చేదుగా ఉన్నా మింగేసింది.

తాతబ్బాయి తిరిగొచ్చి మొక్కని చూశాడు. దడి వైపు చూశాడు. తల లోపలికి లాక్కుని పడుకున్నాడు. సాక్ష్యం లేక నోరెత్తలేదనుకుని వరహాలమ్మ చాలా రోజుల తరవాత కడుపునిండా తింది.

దసరా వచ్చింది. తాతబ్బాయి పొద ఎండలో ముద్దబంతిలా గుండ్రంగా, ఒక్క పచ్చాకు లేకుండా ఉంది. వరహాలమ్మది ఆవిడ కొమ్ములు దాటి లేచింది. అంతా పచ్చే. అడుగున నీడలో గుప్పెడు పసుపాకులు పాలిపోయి వేలాడుతున్నాయి.

"ఎత్తు చూడండి," అంది వరహాలమ్మ.

"నేను ఎత్తు అడిగానా?" అన్నాడు పెద్దిరాజు.

తాతబ్బాయి మెడ బయటికి చాచాడు. "అయ్యా, ఈ గొప్ప నాది కాదండీ. నా మొక్కకీ పచ్చ కొమ్మ లేచింది. కొరుకుదామంటే నా మెడ కుండీ అంచుకైనా అందదు. వరహాలక్క అడక్కుండానే కొరికి పుణ్యం కట్టుకుంది."

పండగకి బండితో వచ్చిన గవరయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. వాడి భుజాలు నవ్వుతో అదురుతున్నాయి.

"నిజం చెబితే నమ్మలేదక్కా," అన్నాడు గవరయ్య. "అబద్ధం చెప్పి, కుండీ నీ వైపు తిప్పితే పనైపోయింది."

పెద్దిరాజు మేత నెమరేస్తూ అడిగాడు. "వరహాలమ్మా, అది తియ్యాల్సిన కొమ్మని తెలిసే కొరికావా? తెలిస్తే నీ మొక్కకెందుకుంచావు? తెలియకపోతే, మన తోటలో ఆకెందుకు కొరికావు?"

వరహాలమ్మ తల దించుకుని తనంతట తనే గేటు వైపు నడిచింది. ఆరేళ్ళ పేరు ఒక్క కొమ్మకి పోయింది.

"అక్కా, ఆగు," అన్నాడు తాతబ్బాయి. "పచ్చ కొమ్మ మళ్ళీ లేస్తుంది. నా మెడ మళ్ళీ అందదు. ఆ పని నీకే ఇస్తాను, ఉండు."

"పెత్తనం నీది. నీ ఇష్టం," అన్నాడు పెద్దిరాజు.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది వరహాలమ్మకి. అయినా ఆగింది. ఇప్పటికీ తాతబ్బాయి కబురు చేసినప్పుడు వెళ్ళి, తోటలోని బంగారు పొదల్లో పచ్చ కొమ్మలు కొరికి వస్తుంది. అవి ఎప్పటికీ చేదే.

పక్క కుండీ మీదే కన్నేసి కూర్చున్నవాళ్ళకి, తమ కుండీలో ఏం పెరుగుతోందో కనిపించదు.