చల్లారిన బూరె

పూర్వం ఒక రాజు గుడి దీపానికి పెద్ద గాజుబుడ్డి చేయించాడట. కొలిమిలోంచి తీసిన బుడ్డికి కొలిమి అధికారి చల్లార్చడానికి బయటినుంచే గాలి కొట్టించాడు. అది పగిలింది. నేరం మాత్రం దాన్ని చేసిన గాజుపనివాడు వీరాస్వామి మీద పడింది. పాపం, చెరలోనే కన్నుమూశాడు.

అతని భార్య నాంచారమ్మ గుడి వంటశాల నుంచి వేడి బూరె కొలువుకు తెచ్చింది. దానిపైన విసనకర్రతో విసిరి, రాజు ముందే ఆ అధికారికి అందిస్తూ, "చల్లారింది, ప్రసాదం తీసుకోండి దొరా" అంది.

అధికారి కొరికి, "అబ్బా, నోరు కాలింది!" అని అరిచాడు.

"పైన చల్లగానే ఉంది కదా దొరా! బుడ్డి లోపలికీ గాలి కొట్టాలనే మా ఆయన మొత్తుకున్నారు."

రాజు మరో బుడ్డి చేయించి, వంపు గొట్టాలు పెట్టించి లోపలా బయటా ఒకేసారి గాలి కొట్టించాడు. బుడ్డి నిలిచింది.

"ఏం కావాలో కోరుకో తల్లీ" అన్నాడు.

"ఆయన తప్పు లేదని ఒక్కసారి అనండి మహారాజా. వినడానికి ఆయన లేరు. నేను వింటాను."