పదిహేడో నంబరు పానా

పాడేరులో పాంగి సోమన్న మేస్త్రిని ఏదడిగినా నోటితో సమాధానం చెప్పడు. చేతిలో ఏదో ఒకటి పెడతాడు, అంతే. నలభై ఏళ్లుగా ఏజెన్సీ జీపులు బాగుచేస్తున్న మనిషి. అడిగేవాళ్లే అలవాటు పడాలి.

ఆయన దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్న నిఖిలేష్ సొంతంగా ఒక ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. కొండల మీదుగా ఒడిశా వైపు పన్నెండు రోజులు తిరిగి రావాలని వాడి ప్లాను. దారిలో షాపుల్లేవు, సిగ్నల్ లేదు. అందుకని బండిని ఆరంగుళాలు లేపాడు, పెద్ద టైర్లేశాడు, టాప్ మీద టెంటు పెట్టాడు. వెనక సీట్లు పీకేసి ఫ్రిజ్, స్టవ్వు, సామాన్ల అరలు, నీళ్ల ట్యాంకు, అన్నీ ఒక ఇనప ఫ్రేములో కూర్చి బాడీకి వెల్డింగ్ చేయించేశాడు. గతుకుల్లో బోల్టులు వదులైపోతాయని భయం. భయం తప్పు కూడా కాదు. అయినా ఇంకా ఏదో చాల్లేదనిపించి మేస్త్రి దగ్గరకొచ్చాడు.

"మేస్త్రీ, బండిని ఎంతవరకు మార్చొచ్చు? ఒక కొలత చెప్పండి."

మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. జేబులోంచి పదిహేడో నంబరు పానా తీసి వాడి చేతిలో పెట్టాడు.

"పద, కొండెక్కించి చూద్దాం."

బండి సూపర్‌గా ఎక్కింది, అబద్ధమెందుకు. వాగు దాటింది, బురద దాటింది. నిఖిలేష్ మొహం వెలిగిపోతోంది. పక్క సీట్లో మేస్త్రి కిటికీలోంచి చూస్తున్నాడు.

పైన మలుపులో డోలీ ఎదురొచ్చింది. నలుగురు మోస్తున్నారు. లోపల కొర్రా బొంజుబాబు. కల్లు కోసం జీలుగు చెట్టెక్కి జారిపడ్డాడు, తొడ విరిగింది. వెదురు బద్దలు పెట్టి కట్టిన గుడ్డంతా నెత్తురు. అంబులెన్సు తారు రోడ్డు దాకే వస్తుంది. ఆ రోడ్డు ఇంకా నాలుగు గంటల నడక.

"ఎక్కించుకో బాబూ. కాలు మాత్రం మడవకూడదు" అంది అతని భార్య చిలకమ్మ.

నిఖిలేష్ పరిగెత్తి వెనక తలుపు తీశాడు. తీసి అలాగే నిలబడిపోయాడు.

మోస్తున్నవాళ్లలో ఒకడు లోపలికి తొంగి చూశాడు. "ఇల్లే కట్టేసినావేటి బాబూ? మరి మనిషెక్కడుంటాడు?"

ఎవరూ నవ్వలేదు. నిఖిలేష్ పానా పట్టుకుని ఫ్రేమంతా తడిమాడు. పానాకి పట్టు దొరికితేగా, ఎక్కడ చూసినా వెల్డింగే. కాలితో తన్నాడు, ఫ్రిజ్ కదల్లేదు.

"గ్రైండరుంటే కోసేద్దును మేస్త్రీ" అన్నాడు.

మేస్త్రి వాడి చేతిలోంచి పానా తీసుకుని ముందుకెళ్లాడు. ఇందాక తను కూర్చున్న సీటు కిందకి వంగాడు. కంపెనీ బిగించిన బోల్టులు నాలుగు. నాలుగూ ఊడాయి. సీటు తీసి దారి పక్కన పెట్టాడు.

బండి ఎత్తైపోయింది కదా, బొంజుబాబుని నలుగురూ భుజాల దాకా ఎత్తాల్సొచ్చింది. అప్పుడతను అరిచిన అరుపు నిఖిలేష్ తల వంచుకుని విన్నాడు. వీపు ఫ్రేముకి ఆనించి, సీటున్న చోట కాలు చాపించారు. చిలకమ్మ ఆ పక్కనే ఇరుక్కుని కూర్చుని కాలు కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. ఇక మేస్త్రికి చోటు లేదు.

"నువ్వు పో. సీటు నేను తెస్తా."

ఖాళీ డోలీలో సీటు వేసుకుని, ఆ నలుగురితో పాటు మేస్త్రి కొండ దిగాడు. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, నాలుగు గంటలు నడిచి, తారు రోడ్డు మీద సర్వీసు జీపెక్కాడు. సాయంత్రానికి పాడేరు ఆసుపత్రికి వచ్చేసరికి నిఖిలేష్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా ఎండిపోయిన నెత్తురు.

"కాలు ఉంటుందన్నారు మేస్త్రీ. మోసుకుంటూ వచ్చుంటే చెప్పలేమన్నారు." "నేను పొద్దున అడిగింది..."

మేస్త్రి సీటు దించి వాడి ముందు పెట్టాడు. పానా తీసి మళ్లీ వాడి చేతిలో పెట్టాడు.

"కొలత అడిగావుగా. ఇదే."