పిలిస్తే వస్తావో లేదో

బ్యాటరీ మళ్ళీ చచ్చింది.

పరదేశి జీపు దిగాడు. మంచుకు తడిసిన బానెట్ మీద చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత తాళం తీసుకెళ్ళి ముకుందస్వామి ముందు పెట్టాడు.

“ఇది ఇంకెవరికైనా ఇవ్వండి స్వామీ. నా వల్ల కాదు.”

లంబసింగి దగ్గర, కొండల మధ్య పల్లంలో ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి ఉన్నది ఒక్కటే జీపు. చుట్టుపక్కల గూడేలకూ అదే దిక్కు. ఎవరికి జబ్బు చేసినా, ఎవరికి నొప్పులొచ్చినా పరదేశే ఆసుపత్రికి చేర్చాలి. కిందటి నెల గూడెంలో ఉండే దాసు భార్యకు నొప్పులొచ్చినప్పుడు జీపు కదల్లేదు. తోద్దామంటే ఎటు చూసినా ఎత్తే. డోలీ కట్టి మోసుకుపోయారు. తల్లి దక్కింది. బిడ్డ దారిలో పుట్టి దారిలోనే పోయాడు.

“కొత్త బ్యాటరీ వేయించాను. వైర్లన్నీ బిగించాను. డైనమో బాగుందని మెకానిక్కు చూసి చెప్పాడు. పొద్దుగూకితే గోనెలు కప్పుతున్నాను. ఇంక చేసేదేముంది స్వామీ? ఈ చలే దాన్ని తినేస్తోంది.”

ముకుందస్వామి వింటూ కూర్చున్నాడు.

“ఆ రోజూ ఇంతే. దాసు భార్యకు నెలలు నిండాయని పొద్దుట్నుంచీ గంటకోసారి తాళం తిప్పి చూశాను. తిప్పినప్పుడల్లా ఇంజను అందుకుంది. డీజిలు దండగని వెంటనే ఆపేశాను. తీరా దాసు పరుగెత్తుకొచ్చేసరికి కుయ్యిమని ఊరుకుంది. ఇప్పుడు గూడెంలో సుందరికి నెలలు నిండాయి. మళ్ళీ అలాగే అయితే ఆ ఇంటి ముందు నేను నిలబడలేను.”

“తాళం ఇక్కడ ఉండనీ. నువ్వెళ్ళి ఆవులకు నీళ్ళు పెట్టు,” అన్నాడు స్వామి.

పరదేశి పశువుల పాక దగ్గరికి చేరాడో లేదో, పైనుంచి కేక వినపడింది.

“పరదేశీ!”

బిందె అక్కడే దించి మెట్లన్నీ ఎక్కి వచ్చాడు. “ఏమిటి స్వామీ?”

“ఏం లేదు. పిలిస్తే వస్తావో లేదో చూశాను. వెళ్ళు.”

బిందె ఎత్తేలోగా మళ్ళీ పిలుపు. మళ్ళీ అదే మాట. అన్నం ముందు కూర్చుంటే పిలుపు. ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడు. వంటచేసే అప్పలనర్సమ్మ నవ్వింది.

“ఏటి బాబూ, సామికి ఈయేల ఇంకేటీ పనిలేదేటి?”

మధ్యాహ్నానికి పరదేశికి ఒగర్పు వచ్చింది. “అనుమానమెందుకు స్వామీ? పిలిచిన ప్రతిసారీ వస్తూనే ఉన్నాను కదా!”

“అప్పుడు వచ్చావు. ఇప్పుడు వస్తావని నమ్మకమేమిటి?”

ఆ తర్వాత ఎన్నిసార్లు ఎక్కాడో, దిగాడో. ఒక్కసారైనా అతణ్ణి కూర్చోనివ్వలేదు స్వామి. నిమిషమైనా మాట్లాడలేదు. వచ్చాడని చూడడం, పంపేయడం.

ఎండ పోయింది. కొండల మీదనుంచి మంచు దిగుతోంది. “పరదేశీ!” అని కేక. పాక గుంజకు చేరగిలబడి ఉన్న పరదేశి లేవబోయాడు. మళ్ళీ చతికిలబడ్డాడు. ఇంకో కేక. అతను కదల్లేదు.

కర్ర ఊతంతో స్వామే దిగి వచ్చాడు.

“పిలిచాను నాయనా.”

“వినపడింది స్వామీ. కాళ్ళు రాలేదు.”

స్వామి అతని పక్కనే అరుగు మీద కూర్చున్నాడు. ఎదురుగా మంచులో జీపు మసకగా కనిపిస్తోంది. ఇద్దరూ దానివైపే చూస్తూ ఉండిపోయారు.

చూస్తూ చూస్తూ పరదేశి ముఖం పాలిపోయింది.

“రేపు బ్యాటరీని ఛార్జింగుకు పంపిద్దాం,” అన్నాడు స్వామి మెల్లగా. “వచ్చాక ఒక్కసారి తిప్పు. ఇంజను అందుకుంటే వెంటనే ఆపేయకు, ఖర్చయింది మళ్ళీ నిండేలా నర్సీపట్నం దాకా పోయి రా.”

పరదేశి పెదవులు కదిలాయి.

“స్వామీ... ఆ రోజు... పొద్దుట్నుంచీ తిప్పి తిప్పి నేనే...”

మాట పూర్తికాలేదు. రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

ముకుందస్వామి తన భుజం మీది కంబళి తీసి అతనికి కప్పాడు.

“ఆ రోజు చలి చాలా ఎక్కువగా ఉంది నాయనా,” అన్నాడు.