గడపమ్మ అడగమన్న మాట

ఎర్రగుట్ట మీది గడపమ్మను దర్శించిన భక్తులు మమ్మల్ని ముందుగా అడిగేది ఒక్కటే. స్వామి గుహ లోపల ఉంటే అమ్మవారు ఆయన పక్కన కాక వాకిట్లో, ఒక పాదం లోపల, ఒక పాదం బయట పెట్టి ఎందుకు నిలిచిందని. ఆ సంగతి తెలియజేయడానికే ఈ చిన్న పుస్తకం.

పూర్వం ఇక్కడ గట్టయ్య అనే కురుమ గొర్రెలు మేపుకునేవాడు. అతనికీ ఎల్లవ్వకూ ఊయలలో ఉండగానే పెద్దలు పెళ్లి చేశారు. ఇరవై ఏళ్లు కాపురం చేశాక గట్టయ్యకు పక్క ఊరి పడుచు మీద మనసైంది. ఆమెను కూడా తెచ్చుకుంటానన్నాడు. తెస్తే తాను ఇల్లు విడిచిపోతానని ఎల్లవ్వ చెప్పింది.

“ఒక్క పొట్టేలు ఎంట ముప్పై గొర్లుంటయ్. పుట్టుకే అసొంటిది. ఒక్కతే ఉండాలన్న కట్టడి మనుషులు పెట్టిందేనాయె,” అన్నాడు గట్టయ్య.

“మన దూలం మీది గువ్వల జంటకు ఏ పెద్దమనిషి పెట్టిండు కట్టడి?” అంది ఎల్లవ్వ.

పంచాయితీ కూర్చుంది. ఒకరు కోతులను, ఒకరు కోళ్లను, ఒకరు కొంగలను సాక్ష్యానికి తెచ్చారు. మూడు రోజులు వాదించి, మూడు పూటలా భోంచేసి, ఏమీ తేల్చకుండా లేచారు.

మర్నాడు మధ్యాహ్నం గట్టయ్య ఈ గుహ నీడలో కునుకు తీయగా అమ్మవారు కలలో కనిపించింది. “పొట్టేలు అడగదు, గువ్వా అడగదు. నోరున్నోడివి, నీ పెండ్లాన్ని ఎన్నడన్న అడిగినవా? నన్ను సూడు. పోలేక ఉన్నదాన్ని గాదు, ఉండాలని ఉన్న,” అంది.

కళ్లు తెరిస్తే ఎదురుగా వాకిట్లో ఈ అమ్మవారి శిల. ఇంటికి పరుగెత్తేసరికి ఎల్లవ్వ మూట కట్టుకుని గడప మీద ఉంది. గట్టయ్య వాకిట్లోనే ఆగాడు. ఆ పడుచు మాట ఇంక ఎత్తనని చెప్పి, “నాతోని ఉంటవా?” అని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అడిగాడు.

“ఇప్పుడా అడుగుడు? కూసో, ఆలోచిస్త,” అంది ఎల్లవ్వ. పొద్దుగూకేదాకా ఆలోచించింది. ఆ తర్వాత “నేనొక్కదాన్నే సాలునా నీకు?” అని తానూ అడిగింది. చాలన్నాడు. అప్పుడు మూట విప్పి పొయ్యి రాజేసింది.

నేటికీ శ్రావణ సోమవారం నాడు దంపతులు ఈ వాకిట నిలిచి ఒకరినొకరు ఇదే అడుగుతారు. జవాబుకు తొందరపెట్టడం ఆచారం కాదు. వద్దనుకుని వేర్వేరుగా గుట్ట దిగేవారికీ అమ్మవారి ప్రసాదం ఇస్తాం. ఔనన్నవారి కాపురం ఆ ఏడంతా చల్లగా సాగుతుందని నమ్మకం.

ఒక్కరితోనే ఉండడం పుట్టుకా, మనుషుల కట్టడా అన్నది అమ్మవారు తేల్చలేదు. ఎల్లవ్వ వంశపు పూజారినైన నేను ముప్పై ఒక్క ఏళ్లుగా మా ఇంటామెను ఆ మాట అడుగుతూనే ఉన్నాను. ఆమె ఏటా జవాబు కోసం దీపాలు పెట్టే వేళ దాకా కూర్చోబెడుతుంది. ఆ రోజు నాకు అన్నం సహించదు. ఔనన్నాక ఇద్దరం కలిసి గుట్ట దిగుతాం.