చుక్కమ్మ వంతు

ఎర్రగుట్ట మీది మేకలకు కాపరీ లేడు, కట్టుకొయ్యా లేదు. పగలంతా ఎవరికి నచ్చిన కొమ్మ వాళ్లు మేసి, పొద్దు వాలగానే పెద్ద బండ మీద చేరేవాళ్లు. చేరాక ఇక గోలే గోల. ఒకరు మొదలుపెట్టిన మాట ఇంకొకరు అందుకునేవారు. మధ్యలో ఒకరి వీపు ఒకరు గోకేవారు. "నీ పిల్ల కుంటుతోందేమే?" "వాగు పక్క చిగుళ్లు చేదెక్కాయి, అటు పోకండి." ఆ గోల వింటుంటే ముసలి మేక చుక్కమ్మకు కడుపు నిండిపోయేది. ఇలాంటి మంద చుట్టుపక్కల ఏ గుట్ట మీదా లేదని ఆమె గర్వం.

ఆ గోలే మేకపిల్లల కోసం పొంచి ఉండే నక్కకు అడ్డమైంది. ఒక పిల్ల కాస్త పక్కకు జరిగితే చాలు, ఎవరో ఒకరు "అదెక్కడే?" అనేవారు. పాపం, వాడి నోట్లో నీళ్లూరడమే గాని నోట్లోకి ఏదీ వచ్చింది లేదు.

ఒక సాయంత్రం వాడు ఎదుటి రాయెక్కి మేకపోతు భద్రయ్యను పలకరించాడు.

"బావగారూ, అంతటి గడ్డం మీకుండగా ఈ సంతేమిటండీ?"

"మాకిది మామూలేలే," అన్నాడు భద్రయ్య, గడ్డం సర్దుకుంటూ.

"పెద్ద పెద్ద సభలు చూసొచ్చినవాణ్ణి, చెబుతా వినండి. అధ్యక్షుడు ఎత్తున కూర్చుంటాడు. అందరూ ఆయన వైపే చూడాలి. వంతు వచ్చినవాళ్లే నోరు విప్పాలి. పిల్లల్ని మాత్రం వెనక, కిందెక్కడో కూర్చోబెడతారు. అల్లరి చేస్తారు కదా."

"అధ్యక్షుడంటే ఎవరుంటారు?"

"అదీ నేనే చెప్పాలా బావగారూ?"

మర్నాటి నుంచి భద్రయ్య బండ కొసకెక్కి కూర్చున్నాడు. సభ మహా కుదురుగా సాగింది. ఎంత కుదురుగా అంటే, ఎవరి పిల్లకు ఒంట్లో బాగాలేదో కూడా ఎవరికీ తెలియలేదు. చుక్కమ్మ ఉండబట్టలేక అడ్డు తగిలింది.

"ఇదేం బాగాలేదయ్యా భద్రయ్యా. పక్కనున్నదాని మొహం చూసి ఎన్నాళ్లయిందో."

"నీ వంతు వచ్చినప్పుడు చెప్పు వదినా."

ఆమె వంతు అందరికంటే చివర.

ఒకరోజు సభలో మేతకు గుట్ట అవతలికి పోదామా వద్దా అని చర్చ నడుస్తోంది. చుక్కమ్మ మనసు దానిమీద లేదు. మనవరాలు బుల్లి ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూనే ఉంటుంది, నిద్రలో కూడా. వెనక నుంచి ఆ చప్పుడు రావడం లేదు.

"బుల్లీ, ఉన్నావా?"

"వదినా, ఇంకా నీ వంతు రాలేదు."

"నా వంతు వచ్చేదాకా నా మనవరాలు మిగలాలిగా," అని ఆమె లేచి వెనక్కి తిరిగింది. బుల్లి చోటు ఖాళీగా ఉంది. చుక్కమ్మ ఉన్న గొంతంతా పెట్టి పిలిచింది.

ఆ పిలుపుకు ప్రతి తల్లీ వెనక్కి తిరిగి తన పిల్లను పిలిచింది. పిల్లలన్నీ ఒక్కసారే పలికాయి. బయటివాళ్లకు అది ఉత్త గోల, తల్లులకు మాత్రం ఎవరి పిల్ల ఎక్కడుందో ఇట్టే తెలిసిపోయింది. బుల్లి గొంతొక్కటే దూరంగా, రేగుపొదల వైపు నుంచి వచ్చింది.

"ఇక్కడున్నా నాయనమ్మా. నక్క మామ పళ్లు పెడతానన్నాడు."

అధ్యక్షుణ్ణి ఎవరూ అడగలేదు. మంద మొత్తం కిందికి దూకింది. అందరికంటే ముందు భద్రయ్యే దూకాడు. పొద చుట్టూ ఎటు చూసినా కొమ్ములే. నక్క బుల్లిని వదిలేసి దణ్ణం పెట్టాడు.

"అధ్యక్షా, అందరూ ఒకేసారి మీదికొస్తే ఎలాగండీ? వంతులు పెట్టండి. ఒక్కొక్కరుగా రమ్మనండి."

భద్రయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తేసరికి అతని మొహంలో నవ్వుంది.

"మొదటి వంతు మా వదినది," అన్నాడు.

చుక్కమ్మ కుమ్మిన కుమ్ముడికి నక్క సగం గుట్ట దొర్లాడు. మిగిలినవాళ్లు వంతుల కోసం ఆగలేదు.

ఆ రాత్రి భద్రయ్య అందరి మధ్యా కూర్చున్నాడు. అతని గడ్డంలో చిక్కుకున్న రేగుముళ్లు ఒకరు పీకుతుంటే, ఇంకొకరు నవ్వుతున్నారు. గుట్ట అవతలికి పోవాలన్న మాట ఎవరు తేల్చారో తెలియదు గాని, తేలిపోయింది. బుల్లిని పక్కలో పొదువుకుని చుక్కమ్మ ఆ గోలంతా విన్నది. "నా మంద," అనుకుంది తల ఎత్తుకుని.

పక్కవాళ్లు ఉన్నారో లేదో చూసుకోని సభ ఎంత పద్ధతిగా నడిచినా, లాభం నక్కకే.