చొక్కాకు అంటని దూది

మౌలాలి పరుపులు కుట్టేవాడు. దూది ఏకడంలో ఆ ఊళ్లో అతనికి మంచి పేరు. ఆ ఏడు బస్టాండు దగ్గరున్న అతని కొట్టు పైకప్పు కారి, ఉన్నదంతా పెట్టి కొన్న దూది ఒక్క వానకు ముద్దయిపోయింది. ఎన్ని రోజులు ఎండబెట్టినా ముక్కవాసన పోలేదు. చివరికి దూది ఏకే మిషన్ అమ్మేసి, కొట్టు ఖాళీ చేశాడు.

ఇదేదీ భార్య కాశింబీకి చెప్పలేదు. రోజూ పొద్దున్నే చొక్కా తొడుక్కుని పనికి పోతున్నట్టే బయలుదేరేవాడు. ఊరి బయట గుట్ట కింద ఉండే తన గురువు జలాల్ షా దగ్గరికి వెళ్లి, పొద్దు వాలేదాకా కూర్చుని తిరిగొచ్చేవాడు. మిషన్ అమ్మిన డబ్బులోంచి వారానికి కొంత తీసి ఆమె చేతిలో పెట్టేవాడు. వారం వారం అది తగ్గుతూ వచ్చింది. ఆమె ఏమీ అడగలేదు.

జలాల్ షా కూడా ఏమీ అడగలేదు. మూడు నెలలయ్యాక మౌలాలే నోరు విప్పాడు. జరిగిందంతా చెప్పి, ఇంటి గడప ఎక్కుతుంటే గుండె దడదడలాడుతోందనీ, మనసు కుదురుగా ఉండడానికి ఏదైనా నామం ఉపదేశించమనీ అడిగాడు.

"ఇంట్లో చెప్పినావా?" అన్నాడు జలాల్ షా.

"లేదు స్వామీ. ఈ బరువంతా నేనొక్కణ్ణే మోస్తున్నా. ఆమెదాకా రానివ్వలేదు."

ఆ మాట అంటుంటే మౌలాలి వీపు కాస్త నిటారయింది.

జలాల్ షా చేతికర్ర అందుకుని లేచాడు. "ఈరోజు మీ ఇంట్లో తింటాను" అన్నాడు.

దారిపొడుగునా మౌలాలికి ఒకటే గుబులు. ఈ వేళప్పుడు ఇంటికి ఎందుకొచ్చావని కాశింబీ అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నడిచాడు. ఆమె అడగలేదు. గురువుకు కాళ్లు కడుక్కోను నీళ్లిచ్చి, చాప పరిచి, ఇద్దరికీ జొన్నరొట్టెలు, గోంగూర పప్పు వడ్డించింది. ఈయనకు పని ఎక్కువగా ఉంటోందనీ, సాయంత్రానికి బాగా అలిసిపోయి వస్తున్నాడనీ జలాల్ షాతో చెప్పింది. మౌలాలి తల వంచుకున్నాడు.

ఆమెను కూడా కూర్చోమన్నాడు జలాల్ షా. పక్కింట్లో పిలిచి పెట్టారని, ఇప్పుడే తిన్నానని చెప్పిందామె.

ఆయన రొట్టె ముట్టుకోలేదు. కాసేపు ఆమె ముఖంలోకి చూసి లేచాడు.

"కూర్చో తల్లీ. ఈ పూట వడ్డన నాది."

వద్దు స్వామీ, వద్దు స్వామీ అంటూ ఆమె అడ్డం వెళ్లింది. ఆయన అప్పటికే వంటింట్లోకి నడిచాడు. రొట్టెల బుట్ట, పప్పు గిన్నె తెచ్చి చాప మీద పెట్టాడు. రెండూ ఖాళీ. ఆయన తన పళ్లెం కాశింబీ ముందుకు జరిపాడు.

మౌలాలి ఆ బుట్టలోకి చూశాడు. తర్వాత చాలా రోజుల మీద మొదటిసారి భార్య చేతులకేసి చూశాడు. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"నువ్వు పనికి పోవడం మానినప్పటి నుంచి."

"నీకెలా తెలిసింది?" అన్నాడు మౌలాలి.

"నీ చొక్కాలు ఉతికేది నేనే కదా," అంది కాశింబీ. "దూది అంటక మూడు నెలలయింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే చిన్నబోతావని."

మౌలాలి మొదలుపెట్టాడు. వాన పడ్డ రోజు నుంచి చెప్పుకొచ్చాడు. మిషన్ ఎంతకు పోయిందో, అందులో ఇంకా ఎంత మిగిలిందో చెప్పాడు. కాశింబీ రొట్టె తుంచుతూ వింటోంది. మధ్యలో ఒకచోట ఆపి, మిషన్ మరీ తక్కువకు ఇచ్చేశావంది. అతను ఒప్పుకున్నాడు.

గడప దగ్గర చెప్పుల చప్పుడు విని మౌలాలి తలెత్తాడు. గురువు వెళ్లిపోతున్నాడు. ఏమీ తినకుండానే. సాగనంపడానికి అతను గబగబా లేవబోయాడు.

జలాల్ షా చెయ్యి ఊపి వారించాడు.

"లేవకు. ఇప్పుడే కదా కూర్చున్నావు."